ఇంటి లేతు: ఉక్కు నెన్నుకొను విధము

పాతబియ్యమేదో క్రొత్తబియ్యమేదో చూచినంతనే చెప్పగల మనకు ఉక్కులోని తారతమ్యము లెరుంగుట కష్టము కాదు. చిన్న లేతును ఇంట నుంచుకొని వేడుకకు పనిచేయువారికి ఈ యెరుక మిక్కిలి యవసరము. ఏలయన, తగని ఉక్కు వలన ఉలి పాడగును, సొమ్ము వ్యర్థమగును, ఒక్కొక్కప్పుడు దేహమునకే ముప్పు వాటిల్లును.

ఇనుములో కొలదిగా కార్బను చేరినదే ఉక్కు. నూటికి 0.25 పాళ్లు మించనిది మైల్డు స్టీలు. ఇది చవుక, మెత్తన. కాని కోసినచోట గరుకుదేరును. ఇ.ఎన్. 8 అను దానిలో 0.40 పాళ్లుండును, బలము గల ఇరుసుల కిది తగినది. ఇల్లు కట్టగా మిగిలిన కమ్ములను మాత్రము వాడకుడు. వాని పైపొర నీటితో చల్లార్చి గట్టిపరుపబడి యుండును; ఉలి మొద్దువారును.

క్రొత్తగా నేర్చువారికి ఇ.ఎన్. 1ఎ మేలు. అందలి గంధకము మాంగనీసుతో కలసి సన్నని రేణువులై యుండుటచే తరుగు తునుకలుగా విరిగి పడును. కొన్ని రకములలో సీసము కూడ చేర్తురు. అట్టి దానితో భోజనపాత్రలు చేయరాదు. పని ముగిసిన పిదప చేతులు కడుగుకొనక బిడ్డలను తాకరాదు.

మన వంటపాత్రలకు వాడు స్టెయిన్‌లెస్ ఉక్కు రకములలో ఒకదానియందు నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును. ఉలి కోయక ఊరక రాచుకొన్నచో ఇది మరింత గట్టిపడును. కావున వాడియైన ఉలితో, ఆగక, నూనె వేయుచు కోయవలెను.

వేగమునకు లెక్క యిది. హైస్పీడు ఉలితో మైల్డు స్టీలును నిముసమునకు 25 మీటర్ల చొప్పున కోయవచ్చును. 20 మిల్లీమీటర్ల లావు కమ్మికి అది సుమారు 400 చుట్లగును. స్టెయిన్‌లెస్‌కు అందు సగము చాలును.

ఇక ముఖ్యమైన మాట. కొంగు దోపుకొని, జడ ముడివైచి, గాజులు, ఉంగరములు తీసిన పిమ్మటనే యంత్రమును సమీపింపుడు. గాజులు తీయుట అశుభమని శంకింపకుడు. యంత్రమునకు శకునములు తెలియవు. చేతితొడుగులు రక్షణ యని భ్రమపడరాదు. అవి చిక్కుకొన్నచో చేయియే పోవును. కండ్లద్దములు విడువరాదు. చుట్టలుగా వచ్చు తరుగును వ్రేళ్లతో లాగక, యంత్రము నాపి కొక్కెముతో తీయుడు.

పచ్చడి జాడీలకు గుర్తులు పెట్టునట్లే ప్రతి కమ్మికి ఒక కొనను రంగు పూసి, రెండవ కొననుండి కోసికొనుడు. గుర్తు చెడనిచో ఎన్నిక చెడదు.