శివారు నిపుల్‌లో నీళ్లు

చలిదేశాల్లో కోళ్లు పెంచేవాళ్లకు జనవరి వచ్చిందంటే నీళ్ల బెంగ. రాత్రిపూట చలి సున్నాకు దిగువకు పోతే తొట్టిలో నీళ్లు పైపొర నుంచి గడ్డకడతాయి. పైపుకు వేలాడే నిపుల్ అంతకన్నా ముందే బిగుసుకుపోతుంది, ఎందుకంటే దానిలో ఉండేది సన్నని స్టీలు పుల్ల, చుట్టూ నాలుగు నీటి చుక్కలు. అందుకని అక్కడ ట్యాంకులో హీటరు పెడతారు, పైపులకు వేడి తీగలు చుడతారు, లేదా చిన్న మోటారుతో లైనులో నీళ్లను రాత్రంతా తిప్పుతూ ఉంటారు. సంక్రాంతి చలికి దుప్పటి కప్పుకుంటే సరిపోయే నిడదవోలులో ఈ గొడవ ఎవరికీ తెలియదు. కానీ నిడదవోలు, పెరవలి, తణుకు చుట్టూ ఉన్న గుడ్ల కోళ్ల షెడ్లలో వాడేది కూడా ఆ నిపులే. చలిదేశంలో దాన్ని జనవరిలో కాపాడే ఉపాయమే, అంటే నీళ్లను నిలవనీయకపోవడమే, మన దగ్గర దాన్ని మే నెలలో కాపాడుతుందని నా వాదన.

కోడికి నీళ్లు పీల్చుకునే శక్తి లేదు. ముక్కుతో కాసిని తీసుకుని, తల పైకెత్తి, గొంతులోకి జారనిస్తుంది. పెరట్లో మూకుడు పెట్టినా, పళ్లెంలో డబ్బా బోర్లించినా, బోనుల ముందు పొడవాటి రేకు కాలువలో నీళ్లు పారించినా అది తాగే తీరు ఇదే. తాగేటప్పుడు ముక్కుకంటిన మేత నీళ్లలో కలుస్తుంది, రెట్ట పడుతుంది, ఒక కోడి రోగం కాలువ వెంట వంద కోళ్లకు చేరుతుంది. నిపుల్ ఈ గొలుసును తెంచింది. మూసిన పైపు కింద పుల్ల వేలాడుతుంది, కోడి పొడవగానే అది పక్కకు ఒరిగి చుక్కలు వదులుతుంది, ముక్కు తీయగానే మూసుకుంటుంది. పైకెత్తిన తలలోకే నీళ్లు పడతాయి. ఇలాంటి పరికరాలనే వృత్తిగా పెట్టుకున్న సంస్థలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టాయి. జర్మనీలో లుడ్విగ్ బెనింగ్ 1949లో లూబింగ్‌ను, అమెరికాలో ఎల్డన్ హోస్టెట్లర్ 1977లో జిగిటీని నెలకొల్పారు. రెండూ పుట్టింది చలి ముదిరే ప్రాంతాల్లోనే.

నిపుల్ గొప్పతనం తక్కువ నీటితో పని జరగడం. మన ఎండలో దాని బలహీనతా అక్కడే ఉంది. నూరు మీటర్ల లైను అనుకుందాం. పైపులో పట్టేది సుమారు 35 లీటర్లు. దానిమీద 900 కోళ్లు, వేసవిలో ఒక్కోటి రోజుకు 300 మిల్లీలీటర్లు తాగితే మొత్తం 270 లీటర్లు. పదహారు గంటల వెలుతురులో ఆ తాగుడు సాగితే పైపంతా రెండు గంటలకొకసారి ఖాళీ అయి నిండుతుంది. లెక్క బాగానే ఉందనిపిస్తుంది గానీ, నీళ్లు పైపు పొడవునా ఒకే వేగంతో నడవవు. మొదటి కోళ్లు తాగిన కొద్దీ చివరికేసి పోయే ప్రవాహం తగ్గుతుంది. ట్యాంకు నుంచి లైను మధ్యకు చేరడానికి గంటన్నర పడితే, చిట్టచివరి మీటరుకు చేరడానికి తొమ్మిది గంటలు దాటుతుంది. విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా కాలువ మీద శివారు రైతు పడే అవస్థే ఇక్కడ శివారు కోడిది. తేడా ఏమిటంటే కోడికి నీళ్లు అందుతాయి, కానీ షెడ్డు గాలి ఎంత కాగిందో అంత కాగి అందుతాయి. అంత సన్నని ప్లాస్టిక్ పైపులో నీళ్లు చుట్టూ ఉన్న వేడిని పట్టుకోవడానికి తొమ్మిది గంటలు అక్కర్లేదు.

ట్యాంకు నీళ్లకూ శివారు నీళ్లకూ ఉండే పది డిగ్రీల తేడాకే ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. 300 మిల్లీలీటర్ల నీళ్లు పది డిగ్రీలు చల్లగా ఉంటే కోడి ఒంటినుంచి అదనంగా లాగే వేడి మూడు కిలోకేలరీలు మాత్రమే. గుడ్ల కోడి రోజుకు సుమారు 200 కిలోకేలరీల వేడి పుట్టిస్తుంది. ఆ లెక్కన చల్లని నీళ్లు చేసేది నామమాత్రం. అసలు సంగతి వేరే ఉంది. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైచిలుకు. గాలి 38 దాటితే అది నోరు తెరిచి రొప్పుతూ శ్వాసమార్గం నుంచి నీటిని ఆవిరి చేయడమొక్కటే దానికి మిగిలే దారి. వంద మిల్లీలీటర్లు ఆవిరైతే 58 కిలోకేలరీలు పోతాయి. ఆ వంద మిల్లీలీటర్లు లోపలికి వెళ్లాలంటే కోడి తాగాలి, వేడెక్కిన నీళ్లను అది మానుకుంటుంది. తాగనిది తినదు, తిననిది గుడ్డు పెట్టదు. రొప్పేకొద్దీ రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి గుడ్డు పెంకు కూడా పలచబడుతుంది. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల కోళ్లు చచ్చిపోయాయి. వాటన్నిటికీ నీళ్లే కారణమనడం లేదు. అలాంటి వారంలో కోడి చేతిలో మిగిలే ఆయుధం మాత్రం అదే.

ట్యాంకులో ఐసు వేస్తే పోలేదా అనేది ఇంకో మాట. వెయ్యి లీటర్లను 38 నుంచి 28 డిగ్రీలకు దించాలంటే 90 కిలోలకు పైగా ఐసు కావాలి. అంత ఖర్చుపెట్టి చల్లబరిచిన నీళ్లు పైపులో నింపాదిగా పాకితే శివారుకు చేరేలోపు ఆ చల్లదనం గాలికే పోతుంది. డెల్టాలో బోరు నీళ్లు ఇంచుమించు 28 డిగ్రీల్లోనే పైకి వస్తాయి. ఎండకు కాగే నల్ల ట్యాంకులో వాటిని పగలంతా నిలవ ఉంచి, మళ్లీ ఐసు కొనడం అనవసరపు ఖర్చు. ట్యాంకుకు తాటాకు పందిరి వేసి, తెల్ల సున్నం కొట్టి, షెడ్డు దాకా పైపును భూమిలో పూడిస్తే సగం పని అయినట్టే. పాత రేకు కాలువే నయమనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. తెరిచి ఉన్న నీరు ఆవిరవుతూ కాస్త చల్లబడుతుంది. కానీ సముద్రపు గాలి ఉక్కపోతలో ఆ ఆవిరీ అంతంతమాత్రమే. పైగా 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో బర్డ్‌ఫ్లూ బయటపడ్డాక, రెట్టతోనూ నీళ్లతోనూ పాకే రోగానికి తెరిచిన కాలువను అప్పగించమని ఎవరికీ చెప్పలేం.

మిగిలింది లైను చివర ఒక వాల్వు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గంటకొకసారి దాన్ని తిప్పి, నిలిచిన 35 లీటర్లు వదిలేస్తే, కొత్త నీళ్లు శివారు దాకా నిమిషాల్లో చేరతాయి. ఐదుసార్లకు 175 లీటర్లు. నీళ్లు వృథా అనేవాళ్లు ఆ నీటిని కొబ్బరి మొక్కలకో షెడ్డు కప్పుమీది గోనెసంచులకో మళ్లించవచ్చు. పెంట గుంటలోకి మాత్రం పోనివ్వకూడదు, తడిసిన పెంట ఈగలను పుట్టిస్తుంది. కొత్త షెడ్డు కట్టేవాళ్లయితే చివరి వాల్వుకు బదులు నీళ్లు తిరిగి నీడన ఉన్న ట్యాంకుకు వచ్చేలా ఇంకో పైపు, ఒక చిన్న మోటారు పెట్టుకోవచ్చు. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా తిప్పే ఏర్పాటు అచ్చంగా ఇదే, హీటరు ఒక్కటి తప్ప. బోనులు బిగించకముందు ఆ పైపు వేయడానికి అయ్యే ఖర్చు తక్కువ, షెడ్డు నిండా కోళ్లు ఎక్కాక అదే పని చాలా కష్టం. అంతవరకు పాత షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి చివరి నిపుల్ నొక్కి, ఆ నీళ్లు గ్లాసులో పట్టి, థర్మామీటరు ముంచి చూడాలి. ట్యాంకు దగ్గర కొలత తీసుకుంటే శివారు కోడి ఏం తాగుతోందో తెలియదు.