ఒకే తీగ, రెండు సంబంధాలు: పఠనయంత్రానికి యు.ఎస్‌.బి. నెట్‌వర్కు

కిండిల్‌, కోబో వంటి పఠనయంత్రాలు లినక్సు మీద నడిచే చిన్న కంప్యూటర్లు. వాటిలో తెలుగు పుస్తకం తెరిస్తే అక్షరాలకు బదులు గళ్ళు కనబడ్డాయనీ, ఒత్తులు విడిపోయాయనీ మా విద్యార్థులు చెబుతుంటారు. 2016 డిసెంబరులో అమెజాన్‌ కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు వాటిలో తమిళం, మరాఠీ ఉన్నాయి, తెలుగు లేదు. తమిళనాడు, మహారాష్ట్రలలో ఉన్న మనవారికి ఆ లోటు మరింతగా తెలిసివచ్చే మాట. లోపం ఎక్కడుందో చూడాలంటే యంత్రం లోపలికి వెళ్ళాలి. అందుకు యు.ఎస్‌.బి. నెట్‌వర్కు ఒక దారి.

మామూలుగా తీగ తగిలించగానే పఠనయంత్రం తాను డిస్కునని కంప్యూటరుకు చెప్పుకుంటుంది. పుస్తకాలుండే భాగాన్ని అప్పగించి తాను తప్పుకుంటుంది. ఒకే డిస్కు మీద ఇద్దరూ ఒకేసారి రాస్తే సమాచారం చెడిపోతుంది కనుక ఈ కట్టుబాటు. అందుకే చాలా యంత్రాలలో ఆ సమయంలో చదవడం కుదరదు. పైగా వ్యవస్థకు చెందిన ఫాంట్లు, లోపాల చిట్టాలు ఉండే భాగం మనకు కనబడదు.

లినక్సులో ‘గాడ్జెట్‌’ అనే ఏర్పాటు ఉంది. దానివల్ల యంత్రం తన పరిచయాన్ని మార్చుకోగలదు. డిస్కు మాడ్యూలును తీసి ‘జి-ఈథర్‌’ మాడ్యూలును ఎక్కిస్తే, అదే తీగ మీద అది నెట్‌వర్కు కార్డుగా కనబడుతుంది. అవతల కంప్యూటరులో కొత్త నెట్‌వర్కు ద్వారం ఒకటి ఏర్పడుతుంది.

ద్వారం ఏర్పడినంత మాత్రాన మాట సాగదు. రెండు వైపులా చిరునామాలుండాలి. ఉదాహరణకు పఠనయంత్రానికి 192.168.15.244, కంప్యూటరుకు 192.168.15.201 అనుకుందాం. మాస్కు 255.255.255.0 అయినప్పుడు మొదటి మూడు సంఖ్యలు ఇంటిపేరు వంటివి, చివరిది వ్యక్తి పేరు. ఇంటిపేరు కలవాలి, పేరు వేరుగా ఉండాలి. ద్వారం కనబడినా జవాబు రాకపోతే ముందు చూడవలసినది ఇదే. మీ వైఫైకి కూడా అదే ఇంటిపేరు ఉంటే కంప్యూటరు తికమకపడి సందేశాన్ని వేరే దారిన పంపవచ్చు.

ఆ తరువాత పఠనయంత్రంలో నడుస్తున్న ఎస్‌.ఎస్‌.హెచ్‌. సేవ ద్వారా లోపలికి ప్రవేశిస్తాము. ఫాంటును చేర్చి, తీగ తీయకుండానే పుస్తకం తెరిచి చూడవచ్చు. గళ్ళు పోయి అక్షరాలు వస్తే లోపం ఫాంటుదే. అక్షరాలు వచ్చినా ‘స్త్రీ’ వంటి మాట ముక్కలుగానే ఉంటే లోపం చాలావరకు అక్షరాలను కూర్చే ప్రోగ్రాముది. ఆ ఒక్క మాటలో యూనికోడ్‌ సంకేతాలు ఆరు. వాటిని ఒకే రూపంగా కూర్చడం ఫాంటు ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

కొన్ని జాగ్రత్తలు అవసరం. కిండిల్‌లో ఈ పనికి సంస్థ వేసిన తాళాన్ని దాటాలి. హామీ పోవచ్చు, తరువాతి నవీకరణ ఈ దారిని మూసివేయవచ్చు. ‘రూట్‌’గా ప్రవేశించినవారికి అడ్డు ఉండదు, ఒక్క తప్పు ఆజ్ఞతో యంత్రం మూగబోవచ్చు. ముందుగా నకలు తీసుకోవాలి, సంకేతపదం మార్చాలి, పని కాగానే డిస్కు పద్ధతికి తిరిగిరావాలి.

‘ఇందులో తెలుగు రాదు’ అన్న ఫిర్యాదుకు జవాబు దొరకడం కష్టం. ఏ ఫాంటు, ఏ ప్రోగ్రాము, ఏ అక్షరం అని చెప్పగలిగితే సరిదిద్దేవారికి దారి దొరుకుతుంది. ఆ వివరం సంపాదించడం మన విద్యార్థులకు సాధ్యమేనని మా నమ్మకం.