వీధి దాటిన వైఫై

వీధికి ఇవతలి ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది, అవతలి ఇంట్లో లేదు. మధ్యలో నలభై మీటర్లు, ఒక సిమెంటు రోడ్డు, ఒక వేపచెట్టు. బిట్రగుంటలో మా మామయ్య వాళ్ళిల్లు ఇవతలిది, అమ్మమ్మ వాళ్ళిల్లు అవతలిది. నెట్టు ఉన్నచోట టీవీ గోల, ప్రశాంతంగా ఉన్నచోట నెట్టు లేదు. ఈఏపీసెట్‌కి చదువుతున్న మామయ్య చిన్నకూతురు అమ్మమ్మింట్లో కూర్చుని మాక్ టెస్ట్ రాసే మూడు గంటలూ ఫోన్ హాట్‌స్పాట్ ఎక్కడ ఆగిపోతుందోనని హడలిపోయేది. రోడ్డు మీదుగా కేబుల్ లాగితే ఇసక లారీకి తగులుకుంటుంది. అటకమీద మాత్రం పాత డ్యూయల్ బ్యాండ్ రౌటర్ ఒకటి ఖాళీగా ఉంది. అది చాలు.

బిట్రగుంట వాళ్ళకి ఏదైనా రైలు భాషలో చెప్తే తొందరగా ఎక్కుతుంది. ఆవిరింజన్ల షెడ్డుతో, యార్డుతో ఎదిగిన ఊరది. వైఫై చానెల్ అంటే సింగిల్ లైను. ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. మామూలు రిపీటర్ ఏ రేడియోతో వింటుందో అదే రేడియోతో మళ్ళీ చెప్తుంది. ప్రతి పాకెట్టూ అదే పట్టా మీద రెండుసార్లు నడవాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. డ్యూయల్ బ్యాండ్ రౌటర్‌లో రేడియోలు రెండు. 5 గిగాహెర్ట్జ్‌ని రెండిళ్ళ మధ్య వంతెనకి వదిలేసి, 2.4 గిగాహెర్ట్జ్‌ని అమ్మమ్మింట్లో ఫోన్లకీ లాప్‌టాప్‌కీ ఇస్తే అది డబుల్ లైను.

వంతెనకి 5 ఎందుకంటే, 2.4లో ఒకదానిమీద ఒకటి పడని చానెళ్ళు 1, 6, 11, అంతే. ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వాటిమీదే ఉంటాయి. 5లో చోటెక్కువ. 2018 నుంచి మన దేశంలో ఈ బ్యాండులో చాలా భాగాన్ని, నిర్ణీత పవర్ లోపల, ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. చిక్కల్లా గోడలూ ఆకులూ. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఐదున్నర సెంటీమీటర్లు, 2.4ది పన్నెండున్నర. పొట్టిదానికి అడ్డంకులతో ఇబ్బంది ఎక్కువ, వానకి తడిసిన ఆకులతో మరీనూ. పైగా సిగ్నల్ దారంలా సన్నగా పోదు, మధ్యలో ఉబ్బిన దోసకాయలా పోతుంది. నలభై మీటర్ల దూరానికి సరిగ్గా నడిమధ్య ఆ ఉబ్బు నాలుగువైపులా ముప్పావు మీటరు. అంటే కిటికీలోంచి అవతలి కిటికీ కనబడితే చాలదు, ఆ చూపు చుట్టూ కొమ్మలు లేకుండా ఉండాలి. చెట్టు కొట్టనక్కర్లేదు. రౌటర్ని రెండు కిటికీలు పక్కకి జరిపితే పనైపోవచ్చు.

ఇక సెట్టింగులు. మామయ్య రౌటర్ 192.168.1.1 అనుకుందాం. అందులో 5 గిగాహెర్ట్జ్ చానెల్‌ని 'ఆటో' నుంచి తీసి 36 దగ్గర కట్టెయ్యండి. ఆటోలో ఉంటే అది చానెల్ మార్చినప్పుడల్లా వంతెన తెగుతుంది. 52 నుంచి 144 దాకా ఉన్నవి వద్దు. అక్కడ రాడార్ జాడ తగిలితే రౌటర్ చానెల్ ఖాళీ చేసి పోవాలన్నది నియమం.

రెండో రౌటర్ని రీసెట్ చేసి, లాప్‌టాప్‌కి లాన్ కేబుల్‌తో తగిలించి లోపలికి వెళ్ళండి. దాని అడ్రసు 192.168.1.2గా మార్చండి. 5 గిగాహెర్ట్జ్ పేజీలో డబ్ల్యూడీఎస్ లేదా బ్రిడ్జి అన్నది ఆన్ చేసి, సర్వేలో మామయ్య వైఫై పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. చివరగా దీంట్లో డీహెచ్‌సీపీ ఆపెయ్యండి. వచ్చిన ప్రతి ఫోన్‌కీ అడ్రసు ఇచ్చే పని డీహెచ్‌సీపీది. ఒక స్టేషన్‌కి ఇద్దరు మాస్టర్లుంటే ఏమవుతుందో ఆ ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. రెండూ అడ్రసులు పంచితే కొన్ని ఫోన్లకి నెట్టు వస్తుంది, కొన్నిటికి రాదు, రేపు అవి ఇవీ ఇవి అవీ అవుతాయి. ఆపేశాక వంతెన ఇంకా కలవకపోతే లాప్‌టాప్‌కి అడ్రసిచ్చే దిక్కుండదు. అప్పుడు దానికి చేత్తో 192.168.1.10 ఇచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు.

"అబ్బయా, ఈ రంగు పోర్టులో వైరు యాడ నుంచి తేవాలి?" అని మామయ్య అడిగాడు. ఎక్కణ్ణించీ వద్దు. ఆ వాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి. డెస్క్‌టాప్ లాంటిది ఉంటే లాన్ పోర్టుకి పెట్టుకోవచ్చు.

మాటవరసకి వంతెన అంటాం గానీ, మామూలు వైఫై ఫ్రేము మూడు అడ్రసులతో సర్దుకుంటుంది. డబ్ల్యూడీఎస్ ఫ్రేములో నాలుగుంటాయి: అసలు పంపినవారు, ఇవతలి రౌటర్, అవతలి రౌటర్, అసలు అందుకోవాల్సినవారు. వెనకాల ఉన్న లాప్‌టాప్ పేరు రెండో ఇంటిదాకా చెడకుండా చేరేది అందువల్లే. ఈ నాలుగు అడ్రసుల పద్ధతిని కంపెనీకొక రకంగా అమలు చేశారు. అందుకే రెండు రౌటర్లూ ఒకే కంపెనీవైతే సగం తలనొప్పి తగ్గుతుంది. వేరైతే, మోడల్ ఒప్పుకుంటే, రెండింట్లోనూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకోవడం నా లెక్కన మంచి దారి.

యాంటెన్నాల కొసలని అవతలి ఇంటివైపు తుపాకీలా గురిపెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ పుల్ల చుట్టూ సిగ్నల్ గారెలా పరుచుకుంటుంది. కొసవైపు ఉండేది చిల్లు. రెండూ నిలువుగా ఉంచండి. ఇనప గ్రిల్లుకి ఆనించి పెట్టొద్దు, స్టీలు దోమల జాలీ ఉంటే ఆ తలుపు తీసిపెట్టండి. రెండో రౌటర్లో సిగ్నల్ -60 డీబీఎమ్ దగ్గరుంటే హాయి. -70 అంటే అందే శక్తి అందులో పదోవంతు. -75 దాటితే 5ని వదిలేసి 2.4ని వంతెనకీ, 5ని ఇంటికీ తిరగేసి చూడాలి.

మాక్ టెస్ట్‌కి అసలు పరీక్ష స్పీడ్ టెస్ట్ కాదు. అమ్మమ్మింటి లాప్‌టాప్ నుంచి 192.168.1.1కి అరగంట పింగ్ నడపండి. ఒక్కటీ తప్పిపోకుండా వస్తే వంతెన నిలిచినట్టే. తర్వాత కరెంటు సంగతి: అమ్మమ్మింటి రౌటర్‌కి ఒక్కదానికే చిన్న యూపీఎస్ కొనిపెడితే లాభం లేదు, మామయ్యింట్లో రౌటర్‌కీ దానికి ముందున్న ఫైబర్ డబ్బాకీ కూడా ఉండాలి.