వెట్టి వివాదం, సాయుధ పోరాటం

రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి వల్ల పాలంపేట పేరు నేడు లోకమంతటా తెలిసినా, ఆ ఊరున్న ఓరుగల్లు సీమకు ఇంత ఖ్యాతి లేని మరొక చరిత్ర ఉంది. అది నిజాం ఏలుబడిలో, 20వ శతాబ్ది నడుమ వరకు, అక్కడి పల్లెలను పట్టి పీడించిన వెట్టిచాకిరీ చరిత్ర.

వెట్టి అంటే కూలి ఇవ్వకుండా, కాదనే వీలు లేకుండా, కులాన్ని బట్టి చేయించుకునే పని. ఊరికి అధికారి వస్తే కుమ్మరి కుండలు, గీత కార్మికుడు కల్లు, గొల్లలు గొర్రెలు ఉచితంగా ఇచ్చుకోవలసి వచ్చేది. దళితులు సొంత చేను వదిలి దొర కబుర్లు మోసుకొని ఊరూరా తిరగవలసి వచ్చేది. నాగుకు, అంటే తీసుకున్న గింజలకు వడ్డీ గింజలు కలిపి తీర్చాలన్న షరతుకు, అప్పు తెచ్చుకున్నవాడు తీర్చలేక తరతరాలు జీతగాడిగా పడి ఉంటే అతణ్ణి భగేలా అనేవారు. పెళ్లయిన దొరబిడ్డ వెంట అత్తింటికి పంపే దాసీ పిల్లల, అంటే ఆడబాపల, స్థితి మాత్రం ఏ విధంగా చూసినా బానిసత్వమే.

దీనిపై రాజకీయ వాదం 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘంతో ఊపందుకుంది. మాడపాటి హనుమంతరావు వంటి నాయకులు కరపత్రాలతో, విజ్ఞప్తులతో ప్రభుత్వాన్ని కదిలించాలని శ్రమించారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ కూడా చాలాకాలం ఆ దారినే నడిచింది. భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ 1936లో ప్రభుత్వం చట్టం చేసినా, దాన్ని అమలు చేయవలసిన ఊరి అధికారులైన పటేలు, పట్వారీలు దొరల అండన బతికేవారు కనుక పల్లెలో మార్పు రాలేదు. రాజ్యంలోని భూమిలో సుమారు 40 శాతం జాగీర్ల కింద, నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్ కింద ఉండగా, మిగిలిన, ప్రభుత్వమే నేరుగా పాలించే దివానీ ప్రాంతంలోనూ దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాముల పెత్తనమే సాగింది. భూమి వారి చేతిలో ఉన్నంతకాలం వెట్టి పోదన్న వాదం మహాసభలో బలపడింది. మితవాదులు దానికి ఒప్పుకోలేదు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో సంస్థ చీలింది, సభ్యత్వ రుసుము ఒక అణాకు తగ్గి పేదలు మహాసభలో చేరారు.

1936 చట్టం లాంటి సర్దుబాటు అమెరికాలోనూ జరిగింది: కొత్త భూభాగాలకు బానిసత్వం విస్తరించడంపై 1820లో మిస్సోరీ రాజీ కుదిరినా, 1854 నాటి కాన్సాస్-నెబ్రాస్కా చట్టం దాన్ని చెరిపివేసింది, 1861లో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడ తగవు విస్తరణ గురించి, ఇక్కడ అమలు గురించి; అయితే పనివాడి మీద యజమాని హక్కును ముట్టుకోకుండా కుదిర్చిన సర్దుబాటు రెండుచోట్లా నిలవలేదు.

1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న మహాసభ వారిపై విసునూరు దేశ్‌ముఖు మనుషులు కాల్పులు జరపగా దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అంతవరకు కర్రలు, వడిసెలలతో ఆత్మరక్షణ చేసుకున్న జనం క్రమంగా తుపాకులు పట్టారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను దొర వశం కానీయకుండా నిలబడిన తెగువ ఆ తరానికి ధైర్యమిచ్చింది. సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. ఈలోగా 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అయినా వెట్టికార్మికుల విముక్తికి 1976లో పార్లమెంటు మళ్లీ ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.