అమ్మ చీటీలో ఆ మాత్రేంటి?

ఆత్మకూరులో మందుల షాపు. చీటీ చూసిన కుర్రాడు ముసిముసిగా నవ్వాడు. "ఎవరికన్నా?"

"అమ్మకి" అన్నా. వాడి నవ్వు ఆగిపోయింది.

బయటికొచ్చి ఫోన్లో వెతికా. సిల్డెనాఫిల్... అంటే వయాగ్రా! డాక్టరు పొరపాటు పడ్డారనుకున్నా. స్ట్రిప్పుని బ్యాగు అడుక్కి తోసేసి ఉదయగిరి బస్సెక్కా. అమ్మకి చెప్పలేదు.

అమ్మ ఉదయగిరి చెక్క స్పూన్లు చెక్కుతుంది. రెండేళ్లుగా చన్నీళ్లు తగిలితే చాలు, వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడేవి. తర్వాత నీలం, ఆపైన ఎరుపు. చర్మం బిగుసుకుపోయి పిడికిలి పట్టడమే కష్టమైంది. నరాల బలహీనతని ఊళ్లో సూదులేయించాం. చివరికి నెల్లూరులో అసలు పేరు తెలిసింది: స్క్లీరోడెర్మా. వేళ్లు రంగులు మారడాన్ని రేనాడ్స్ అంటారు. 1862లో దీన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో పేరే అది.

నేను మాత్ర దాచిన పది రోజులకి, డిసెంబరు చలిలో, అమ్మ చూపుడువేలి కొన మీద పుండు పడింది. "ఏందిరా అబ్బయా, ఉలి పట్టుకోలేకుండా ఉండా" అంది. భయమేసి డాక్టరుకి నిజం చెప్పేశా. ఆయన తిట్టలేదు, విడమరిచి చెప్పారు.

ఈ జబ్బులో సన్నని రక్తనాళాలు చలికి మూసుకుపోతాయి. వాటిని వదులు చేసే సంకేతం నైట్రిక్ ఆక్సైడ్. ఆ పరిశోధనకి 1998లో నోబెల్ వచ్చింది. వయాగ్రా మార్కెట్లోకొచ్చిందీ ఆ ఏడాదే. నిజానికి ఆ మందుని మొదట పరీక్షించింది గుండెనొప్పికి! ఆ సంకేతం త్వరగా ఆరిపోకుండా చూడటమే దాని పని. 2005లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగే బీపీకీ అమెరికా అనుమతిచ్చింది. రేనాడ్స్‌కి సాధారణంగా ముందు నిఫెడిపిన్ అనే బీపీ మాత్ర ఇస్తారు. అది చాలకపోతే ఇది.

అయితే ఇది మంత్రం కాదు. బోసెంటాన్ అనే ఇంకో మందుతో చేసిన పరీక్షల్లో కొత్త పుండ్లు తగ్గాయి గానీ, ఉన్నవి త్వరగా మానలేదు. ఇవి రక్తం పారేలా చేసి వేళ్లని కాపాడే మందులు, గట్టిపడిన చర్మాన్ని మెత్తబరిచేవి కావు. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్లు సిల్డెనాఫిల్ వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే సొంతంగా మొదలెట్టొద్దు. నాలా సొంతంగా ఆపనూ వద్దు.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. మొన్న మళ్లీ అదే షాపుకెళ్లా. ఈసారి నేనే చెప్పా, "అమ్మ వేళ్లకి."

కుర్రాడు నవ్వలేదు. "మా అత్తకీ ఇట్టాగే తెల్లబడతాయన్నా. మీరు యాడ చూపించారు?" అన్నాడు.