సున్నపురాతి లెక్క



గోడలకు వెల్ల వేయుటకును, తాంబూలమునకును మనము వాడుకొను సున్నమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. బడిలో పిల్లలు రసాయనశాస్త్రమున రసాయనిక మార్పు అను పాఠమును వల్లించుచుందురు. ఆ పాఠమునకు గాజుబుడ్లు లేకున్నను కొదువ లేదు. సున్నపుబట్టి యొకటి, నీళ్ళకుండ యొకటి, గోడ యొకటి యున్న చాలును.

బెల్లము నీటిలో కరగినను తీపి విడువదు; ఆ నీటిని ఇగురబెట్టినచో బెల్లమే మిగులును. అది రూపము మారుట మాత్రమే. సున్నపురాతి సంగతి యట్టిది కాదు. రాతిని నాలుకపై నిడిన రుచి యుండదు. నీటిలో వైచిన ఊరక పడియుండును. దానినే బట్టిలో బొగ్గుతో పేర్చి, రమారమి 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కాల్చినచో, వచ్చిన గడ్డ చూపునకు రాయివలెనే యుండును గాని, నాలుకను పొక్కించును, నీరు తగిలిన బుసకొట్టును. పాత వస్తువు పోయి, వేరు గుణములు గల క్రొత్త వస్తువు పుట్టినది.

ఈ ఘాటు ఎక్కడనుండి వచ్చెను? నిప్పే రాతిలో దూరి దాగినదని తోచుట సహజము. ఐరోపా పండితులును చాలకాలము అట్లే తలచిరి. స్కాట్లండు దేశపు వైద్యుడు జోసెఫ్ బ్లాకు, మూత్రాశయములోని రాళ్ళను కరగించు మందును వెదకుచు, ఈ విషయములోనికి దిగెను. ఆయన చేసిన పని చూచుటకు చిన్నది: కాల్చుటకు ముందును, కాల్చిన తరువాతను రాతిని త్రాసులో తూచెను. బరువు తగ్గియుండెను. రాతిలో చేరినది లేదు. రాతినుండి పోయినది కలదు. పోయినది యొక గాలి. 1756లో ఆయన ఈ సంగతి ప్రకటించి, దానిని కట్టుబడిన గాలి యనెను. మన పుస్తకములలో అదియే బొగ్గుపులుసు గాలి.

స్వచ్ఛమైన సున్నపురాయి 100 మణుగులు కాల్చిన, 56 మణుగుల సున్నము మిగులును. 44 మణుగుల గాలి లేచిపోవును. బట్టివాడు రాయి తరిగినదని వగచును గాని, లోకములో గురిగింజయెత్తు నష్టము లేదు. (ఈ గాలియే, బొగ్గు మండునపుడు పుట్టు విషవాయువుతో గూడి, చలికాలమున బట్టిచెంత పరుండినవారిని నిద్రలోనే చంపగలదు.) ఆ 56 మణుగులు 18 మణుగుల నీటిని త్రాగి, విరిసి, 74 మణుగులగును. కొంత నీరు ఆవిరియై పోవును గనుక మనము అంతకంటె ఎక్కువ పోయుదుము. అప్పుడు పుట్టు వేడిమి, రాతిని విడదీయుటకు బట్టిలో పెట్టిన వేడిమిలో కొంత భాగమే.

గోడకు పూసిన సున్నము ఎండి గట్టిపడునని యందుము. ఎండుట సగమే. అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా పీల్చి, పోయిన 44 మణుగులను రాబట్టుకొని, 18 మణుగుల నీటిని విడిచి, మరల 100 మణుగుల రాయి యగును. మందపు గోడలలో నిది సంవత్సరములు పట్టును. నమ్మకము చాలనివారు సున్నపుతేటలోనికి బొప్పాయియాకు కాడతో ఊది చూడవచ్చును, పీల్చరాదు సుమా! మన యూపిరిలోని ఆ గాలి తగిలి తేట పాలవలె తెల్లబారును.

ఇక నేనీ ప్రసంగమునకు పూనుకొనిన కారణము. నా పదవయేట మా వీథిలో నొక యింటికి వెల్ల వేయుచుండిరి. నాతో ఆడుకొను పిల్లవాడొకడు ఉడుకుచున్న సున్నపుకాగులోనికి తొంగిచూడగా చిటిలి కంట బడెను. తల్లి నీళ్ళచెంబుతో పరుగెత్తి వచ్చెను. పెద్ద యొకరు, “సున్నముపై నీరు పడిన మఱింత ఉడుకునమ్మా, పోయవద్దు” అని వారించి, ఆముదము వేయించిరి. పట్టణములో వైద్యుని చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. ఆ కంటికి మరల చూపు రాలేదు.

ఆయన చెడ్డవారు కారు. చూచినదియు అబద్ధము కాదు. కాని కొద్ది నీరైన వేడిమి నిలిచియుండును. కడవలకొలది ధారగా పోసిన నీరు వేడిమిని, సున్నమును గూడ కొనిపోవును. అదిగాక, కాగులోని సున్నము అప్పటికే చాలవరకు నీరు త్రాగియున్నది. కంటిని తినునది వేడిమికంటె దాని క్షారగుణము. అది నూనెకు లొంగదు; క్షణక్షణము లోనికి దిగుచుండును.

కావున సున్నము కంట బడిన తక్షణమే రెప్పలు విప్పిపట్టి, మంచినీటిని అరగంటసేపు ధారగా పోయుడు. కనుపించు పలుకులను తడిగుడ్డ కొనతో తీసి, వెంటనే వైద్యునికడకు కొనిపోవుడు. కన్ను నులుమరాదు. నూనె వలదు, పాలు వలదు. పులుసు క్షారమును విఱుచునని బడిలో చదివిన పిల్లలు నిమ్మరసము తెత్తురు, అదియు వలదు. ఒంటిపై పొడిసున్నము పడినచో ముందు దులిపి, పిదప కడుగవలెను.

మా యింట వెల్ల వేయు దినమున మొదట నీళ్ళతొట్టి నింపింతును. ఆ తరువాతనే సున్నపుకుండ లోనికి వచ్చును.