చూపునుండి పుట్టిన మాటలు

ఆంగ్లభాషలో లక్షలకొలది పదములు కలవు. వాని నన్నిటిని వేరువేరుగా వల్లెవేయబూనిన విద్యార్థి నిన్న నేర్చినదానిని నేడు మరచిపోవును. కాని పదములు గూడ మనుష్యులవలె కుటుంబములుగా నుండును. ఒక కుటుంబమునకు మూలపురుషుడెవడో తెలిసినచో తక్కినవారి పోలికలు గుర్తించుట కష్టము కాదు.

ప్రాచీన రోమనుల భాష లాటిన్. 1066లో ఫ్రాన్సునుండి వచ్చిన నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచిభాష ద్వారా కొన్నియు, తరువాత పండితుల గ్రంథముల మూలమున కొన్నియు, వేలకొలది లాటిన్ పదములు ఆంగ్లమున చేరినవి. అట్లు చేరిన మూలములలో ‘స్పెక్ట్’ ఒకటి. ‘చూచుట’ అని దాని యర్థము.

‘స్పెక్టేటర్’ అనగా చూచువాడు. ‘స్పెక్టకిల్స్’ అనగా చూపునకు తోడ్పడు కండ్లజోడు. మూలమునకు ముందు ఉపసర్గ చేరినప్పుడు అర్థము మారును. ‘ఇన్’ అనగా లోనికి. పైపైన గాక లోతుగా చూచి తనిఖీ చేయువాడు ‘ఇన్‌స్పెక్టర్’. ‘రి’ అనగా వెనుకకు. ఒకని గొప్పతనము నెరిగి వెనుదిరిగి చూచుట ‘రెస్పెక్ట్’, అనగా గౌరవము. ‘సబ్’ అనగా క్రింద. నమ్మకము లేక క్రిందిచూపు చూచుట ‘సస్పెక్ట్’, అనగా అనుమానించుట. ‘ఎక్స్’ అనగా వెలుపలికి. రానున్నదానికై వెలుపలికి చూచుచుండుట ‘ఎక్స్‌పెక్ట్’, అనగా ఎదురుచూచుట.

ఈ పద్ధతి తెలుగు విద్యార్థికి క్రొత్తది కాదు. సంస్కృతమున ‘ఈక్ష్’ ధాతువునకు గూడ చూచుటయే అర్థము. ‘పరి’ చేరగా పరీక్ష, ‘నిర్’ చేరగా నిరీక్షణము, ‘సమ్’ చేరగా సమీక్ష, ‘ఉప’ చేరగా ఉపేక్ష ఏర్పడినవి. అన్ని వైపులనుండి చూచుట పరీక్ష; చూచియు చూడనట్లుండుట ఉపేక్ష.

ఈ రెండు భాషల పోలిక కేవలము కాకతాళీయము కాదు. సంస్కృతము, గ్రీకు, లాటిన్ ఒకే మూలమునుండి పుట్టియుండునని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాయందు ప్రకటించెను. తరువాతి పండితులు ఆ బాంధవ్యమును నిరూపించిరి. తెలుగున నిత్యము వాడు ‘స్పష్టము’ అను మాట ‘స్పశ్’ అను సంస్కృత ధాతువునుండి వచ్చినది. కంటికి చక్కగా కనబడునదే స్పష్టము. ఆ ‘స్పశ్’, లాటిన్ ‘స్పెక్ట్’ ఒకే తల్లి బిడ్డలు.

అయినను పైపోలికను నమ్మి మోసపోరాదు. మచ్చ యను అర్థముగల ‘స్పెక్’ అను ఆంగ్లపదము లాటిన్‌నుండి రాలేదు. అది ప్రాచీనాంగ్లముననే యున్న మాట. కావున క్రొత్త పదము ఎదురైనప్పుడు మొదట మూలమును గుర్తించి, అర్థము నూహించి, పిదప నిఘంటువున సరిచూచుకొనవలెను. ‘ప్రో’ అనగా ముందునకు అని తెలిసినవాడు ‘ప్రాస్పెక్ట్’ అను పదమునకు అర్థమేమగునో తానే ఆలోచింపగలడు. వల్లెవేసిన మాటకంటె ఆలోచించి కనుగొన్న మాట చిరకాలము జ్ఞప్తియందు నిలుచును.